"ఏమీ కనబడలేదు" అనే ముందు ఎక్కడ వెతికారో చెప్పండి: జన్యు పరీక్షల ల్యాబ్‌లకు బహిరంగ లేఖ

జన్యు పరీక్షలు చేసి రిపోర్టులిచ్చే ల్యాబ్‌ల అధిపతులకు, ఆ ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థలకు, జన్యు పరిశోధనకు నిధులిచ్చేవారికి

నమస్కారం.

మీ రిపోర్టుల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: "హానికరమైన జన్యు మార్పులేవీ కనబడలేదు." అది చదివినవాళ్లు ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్తారు. డాక్టరు ఫైలు మూసేస్తారు. ఎవరి రిపోర్టులోనైనా ఆ వాక్యం అవే అక్షరాలతో, అదే చోట అచ్చవుతుంది. కానీ దాని విలువ ఆ మనిషి పూర్వీకులు ఎక్కడివారన్నదాన్నిబట్టి మారిపోతుంది. ఆ సంగతి మాత్రం రిపోర్టులో ఉండదు.

మేము జన్యు రిపోర్టులు రాసేవాళ్లం, వాటిని కుటుంబాలకు విడమరచి చెప్పేవాళ్లం, వాటి వెనకున్న గణాంకాలు చూసేవాళ్లం. మీ పని తెలియక రాస్తున్న లేఖ కాదిది. ఏయే చోట్ల లెక్క తప్పుతోందో, దాన్ని సరిచేయడానికి ఏం కావాలో రాస్తున్నాం.

ముందు ఊపిరితిత్తులనూ జీర్ణవ్యవస్థనూ దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బును తీసుకుందాం. దీని లెక్క కాగితం మీద వేసి చూపించవచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, దెబ్బతిన్న సీఎఫ్‌టీఆర్ జన్యువులు రెండు వస్తేనే ఈ జబ్బు బయటపడుతుంది. ఒకటే ఉన్నవాళ్లు వాహకులు, వాళ్లకు జబ్బు ఉండదు. పిల్లల్ని కనబోయే దంపతులకు చేసే వాహక పరీక్షలో చాలాకాలం 23 మార్పుల ప్యానెల్, అంటే ఆ 23 మార్పులనే వెతికే జాబితా, వాడారు. అమెరికాలోని రోగుల్లో ఎక్కువగా కనిపించిన మార్పులే ఆ 23. ఆ రోగుల్లో అత్యధికులు యూరప్ మూలాలవారు. అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ పట్టిక ప్రకారం ఆ ప్యానెల్ హిస్పానిక్ కాని తెల్లజాతి వాహకుల్లో 88 శాతం మందిని పట్టుకుంటుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో 64 శాతం మందిని, ఆసియా మూలాల అమెరికన్లలో 49 శాతం మందిని.

ఇక లెక్క. తెల్లజాతివారిలో 25 మందికి ఒకరు వాహకులు. పరీక్షలో ఏమీ రాకపోతే, ప్యానెల్ చేతికి చిక్కని 0.12 వంతును, దానికి 25 మందిలో వాహకులు కాని 24 మందిని కలిపిన మొత్తంతో భాగించాలి. అంటే 0.12 బై 24.12. వాహకుడయ్యే అవకాశం 25లో ఒకటి నుంచి 201లో ఒకటికి తగ్గింది. ఆసియా మూలాలవారిలో 94 మందికి ఒకరు వాహకులు. అదే లెక్కలో 0.51 బై 93.51 వస్తుంది. 94లో ఒకటి కాస్తా 183లో ఒకటి అయింది. మొదటి మనిషికి ముప్పు ఎనిమిదో వంతుకు దిగింది. రెండో మనిషికి సగం దగ్గరే ఆగిపోయింది.

చివరి అంకెలు రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. ఆ దగ్గరతనం పరీక్ష చేసిన మేలు కాదు. ఆ జనంలో జబ్బు ముందునుంచే అరుదు కావడం వల్ల వచ్చింది. నమ్మకం కలగకపోతే దంపతులను పక్కనపెట్టి, లక్షణాలతో వచ్చిన బిడ్డకు అదే ప్యానెల్ వాడి చూడండి. రెండు మార్పులూ దొరికే అవకాశం తెల్లజాతి బిడ్డకు 0.88 వర్గం, అంటే 77 శాతం. ఆసియా మూలాల బిడ్డకు 0.49 వర్గం, అంటే 24 శాతం. ఒక్క మార్పూ దొరక్క "ఏమీ కనబడలేదు" అని రిపోర్టు వచ్చే అవకాశం మొదటి బిడ్డకు ఒకటిన్నర శాతం లోపే. రెండో బిడ్డకు 26 శాతం. నిజంగా జబ్బున్న నలుగురు పిల్లల్లో ఒకరికి ఉత్త చేతులే.

అమెరికా వైద్య జన్యుశాస్త్ర కాలేజీ 2023లో ఈ కనీస జాబితాను 100 మార్పులకు పెంచింది. మంచిదే. కానీ పెద్ద జాబితాకైనా హద్దు ఉంటుంది, ఆ హద్దు జనాన్నిబట్టి మారుతుంది. రిపోర్టులోని వాక్యమే మారలేదు.

మందుల డోసు చెప్పే పరీక్షల్లో ఇదే పొరపాటు మరింత వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది. రక్త క్యాన్సర్‌లోనూ పేగువాపు జబ్బుల్లోనూ వాడే మెర్‌కాప్టోప్యూరిన్, అజాథయోప్రిన్ మందులకు ముందు, వాటిని శరీరంలో నిర్వీర్యం చేసే టీపీఎంటీ జన్యువు చూడటం పాత పద్ధతి. యూరప్ మూలాలవారిలో అది బాగానే పనిచేసింది. తూర్పు ఆసియాలో మాత్రం టీపీఎంటీ మామూలుగా ఉన్న రోగుల్లోనూ తెల్లరక్తకణాలు ఉన్నట్టుండి పడిపోయేవి. ఎందుకన్నది 2014లో కొరియా రోగుల మీద జరిగిన అధ్యయనం బయటపెట్టింది. కారణం ఎన్‌యూడీటీ15 అనే వేరే జన్యువు. దానిలో 139వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు సిస్టీన్ వచ్చే మార్పు తూర్పు ఆసియా జనంలోని జన్యు ప్రతుల్లో (ఒక్కొక్కరికి రెండేసి ఉంటాయి) సుమారు 10 శాతంలో ఉంటుంది. యూరప్ జనంలో 1 శాతం కూడా ఉండదు. రెండు ప్రతుల్లోనూ ఆ మార్పు ఉన్న రోగికి, లుకేమియా చికిత్సలో చదరపు మీటరుకు రోజూ 75 మిల్లీగ్రాములకు బదులు 10తో మొదలుపెట్టమని జన్యువునుబట్టి మందుల డోసు సూచించే సీపీఐసీ అనే నిపుణుల బృందం 2018 నాటి మార్గదర్శకం చెబుతోంది. టీపీఎంటీ ఒక్కటే చూసి "మామూలు డోసు ఇవ్వవచ్చు" అని రాసిన రిపోర్టు ఆ రోగికి ఏడు రెట్లకు పైగా మందు ఇప్పించినట్టే.

క్యాన్సర్‌కు వాడే ఫ్లోరోయురాసిల్, కేపిసిటబిన్ మందుల సంగతీ ఇంతే. యూరప్ మందుల సంస్థ 2020లో ఈ మందులకు ముందు, వాటిని శరీరంలో అరిగించే డీపీడీ ఎంజైము లోపం పరీక్ష చేయమంది. ఎక్కువ ల్యాబ్‌లు ఆ ఎంజైమును తయారుచేసే డీపీవైడీ జన్యువులో నాలుగు మార్పులు చూస్తాయి. నాలుగూ యూరప్ జనంలో బాగా అధ్యయనం చేసినవే. ఆఫ్రికన్ మూలాలవారిలో 3 నుంచి 5 శాతం మందిలో ఉండే 557వ స్థానపు మార్పు ఆ నాలుగింటిలో లేదు. అదీ ఎంజైము పనిని తగ్గించేదే, దానికీ డోసు సగానికి దించాల్సిందే. దాన్ని ప్యానెల్లో చేర్చడానికి కావలసింది ఒక్క ప్రైమర్ జత (చూడాల్సిన చోట అతుక్కుని ఆ భాగం ప్రతులు పెంచే చిన్న డీఎన్‌ఏ ముక్కలు), కొన్ని కంట్రోల్ శాంపిళ్లు, పరీక్ష సరిగా పనిచేస్తోందో చూసే వారం రెండు వారాల వాలిడేషన్. ఇంత చిన్న పని ఇన్నేళ్లు ఆగడానికి సాంకేతిక కారణం మాకు కనబడలేదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ విషయంలో ఇది ప్రయోగంలోనే తేలింది. 2013లో వెలువడిన కోయాగ్ ట్రయల్‌లో జన్యు పరీక్షనుబట్టి డోసు నిర్ణయించినప్పుడు నల్లజాతి రోగుల రక్తం సరైన పలుచదనంలో ఉన్న కాలం 35.2 శాతం. జన్యువు చూడకుండా వయసు, బరువు వంటివాటినిబట్టి డోసు వేసినవారిలో 43.5 శాతం. పరీక్ష చేయడం వల్ల చెడే జరిగింది. డోసు లెక్కగట్టిన ఆ సూత్రంలో, వార్ఫరిన్‌ను అరిగించే సీవైపీ2సీ9 జన్యువు రెండో నంబరు, మూడో నంబరు రకాలే ఉన్నాయి. ఆఫ్రికన్ మూలాలవారిలో లెక్కలోకి రావలసిన ఐదు, ఆరు, ఎనిమిది, పదకొండో రకాలు లేవు. ఇవేవీ లేనివాడని తేల్చి ఎక్కువ డోసు వేస్తే రక్తస్రావానికి దారి తీసినట్టే. పరీక్షకు అందనివాళ్లకు అన్యాయం జరుగుతోందని మాట్లాడుకుంటాం కానీ, అందినవాళ్లకు అది తప్పుదారి చూపే ముప్పును మర్చిపోతాం.

ఇప్పటిదాకా చెప్పింది దొరకాల్సినవి దొరక్కపోవడం. దీనికి అద్దంలో బొమ్మలాంటి తప్పు ఇంకోటుంది, నిరపరాధి మార్పును దోషిగా తేల్చడం.

గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి సుమారు 500 మందికి ఒకరికి వస్తుంది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఈ జబ్బుకు కారణమని ల్యాబ్‌లు రాసిన కొన్ని మార్పులను మళ్లీ చూసింది. నల్లజాతి అమెరికన్లలో అవి మామూలుగా కనిపించేవేనని, జబ్బుతో సంబంధం లేనివని తేలింది. అలాంటి రిపోర్టులు అందుకున్న రోగుల్లో ఆఫ్రికన్ మూలాలవారు ఉన్నారు. మొదటి అధ్యయనాల్లో ఆరోగ్యవంతుల గుంపులోకి కొద్దిమంది నల్లజాతివారిని చేర్చుకుని ఉంటే ఈ తప్పు జరిగేదే కాదని కూడా ఆ అధ్యయనం లెక్కగట్టి చూపించింది.

"కొద్దిమంది" అంటే ఎంతమందో చూద్దాం. ఒక జనంలో ఒక మార్పు 0.5 శాతం జన్యు ప్రతుల్లో ఉందనుకోండి. అంటే దాదాపు 100 మందికి ఒకరిలో. 500లో ఒకరికి వచ్చే జబ్బుకు 100లో ఒకరిలో ఉండే మార్పు ఒక్కటే బలమైన కారణం కాలేదు, లెక్కే ఒప్పుకోదు. కానీ మీ డేటాబేస్‌లో ఆ జనం నుంచి 100 మందే ఉంటే, అంటే 200 జన్యు ప్రతులుంటే, ఆ మార్పు ఒక్కసారి కూడా కనబడకపోయే అవకాశం 0.995ను 200 సార్లు గుణించినంత. అది 37 శాతం. మూడింట ఒకటికి పైగా. అప్పుడు మీ రిపోర్టు "ఆరోగ్యవంతుల్లో ఎక్కడా కనబడలేదు" అని రాసి ఆ మార్పుకు హానికరమనే వైపు ఒక మార్కు వేస్తుంది. అదే 1,000 మంది ఉంటే కనబడకపోయే అవకాశం ఇరవై వేలల్లో ఒకటి కూడా ఉండదు. వంద మందికీ వెయ్యి మందికీ మధ్య ఉన్న తేడా ఇదీ.

ఇంకా సులువైన కొండగుర్తు మీ అందరికీ తెలిసిందే. ఎన్ని ప్రతులు చూసినా ఒక్కసారీ కనబడకపోతే, ఆ మార్పు అసలు ఎంత ఎక్కువగా ఉండవచ్చో తెలియడానికి 3ను ఆ ప్రతుల సంఖ్యతో భాగించండి. 200 ప్రతుల్లో సున్నా అంటే 1.5 శాతం వరకూ ఉండవచ్చు. "అరుదు" అనడానికి అది ఏమాత్రం చాలదు. 5 శాతం దాటిన మార్పును నేరుగా హానిలేనిదిగా తేల్చే నియమానికి కనీసం 2,000 ప్రతులు చూసిన జనం ఉండాలని, జన్యు మార్పుల వర్గీకరణ నియమాలను చూసే క్లిన్‌జెన్ నిపుణులు 2018లో చెప్పారు. 2020లో, డేటాబేస్‌లో లేకపోవడం అనే సాక్ష్యం బలాన్నీ మధ్యస్థం నుంచి అట్టడుగు స్థాయికి దించారు. ఇప్పటికీ పాత బలంతోనే మార్కులు వేసే ల్యాబ్‌లున్నాయి. మీది అందులో ఒకటేమో ఈ వారమే చూడండి.

ఏ మార్పు ఏ జనంలో ఎంత ఉందో చెప్పే, మనందరం తెరిచి చూసే నోమాడ్ (gnomAD) డేటాబేస్ నాలుగో విడత 2023 నవంబరులో వచ్చింది. అందులో 8,07,162 మంది వివరాలున్నాయి. వారిలో ఫిన్లాండ్ కాని యూరప్ మూలాలవారు 5,90,031. దక్షిణాసియా మూలాలవారు 45,546. ఆఫ్రికన్ మూలాలవారు 37,545. తూర్పు ఆసియావారు 22,448. మధ్యప్రాచ్యంవారు 3,031. భూమ్మీద మనుషుల మధ్య జన్యు వైవిధ్యం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆఫ్రికాలో. 2020లో హెచ్‌3ఆఫ్రికా బృందం 50 భాషా సమూహాలకు చెందిన 426 మంది జీనోమ్‌లు చదివితే, అంతకుముందు ఎక్కడా నమోదు కాని మార్పులు 30 లక్షలకు పైగా బయటపడ్డాయి. నాలుగు వందల మందిలోనే!

ఈ పెద్ద పేర్ల కింద దాగిపోయేది ఇంకా ఉంది. "దక్షిణాసియా" అనే గడిలో వేల సమూహాలున్నాయి, వాటిలో చాలా తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినవి. అలాంటిచోట కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న అరుదైన మార్పు ఆ సమూహంలో సర్వసాధారణమైపోతుంది. మొత్తం ఉపఖండం సగటులో దాని జాడే తెలియదు. గుండె కండరం జన్యువు ఎంవైబీపీసీ3లో 25 డీఎన్‌ఏ అక్షరాలు పోయే మార్పు దక్షిణాసియా జనంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, గుండె వైఫల్యం ముప్పును పెంచుతుందని 2009లో తేలింది. సముద్రంలా ఉండే యూరప్ డేటాలో ఎంత వెతికినా అది దొరికేది కాదు. గ్రీన్‌లాండ్ ఇన్యూట్లలో టీబీసీ1డీ4 జన్యు మార్పు 17 శాతం ప్రతుల్లో ఉంది. రెండు ప్రతుల్లోనూ ఉన్నవారికి మధుమేహం ముప్పు పది రెట్లు. పైగా వారికి పరగడుపు చక్కెర మామూలుగానే ఉండవచ్చు, గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తేనే పెరిగిన సంగతి తెలుస్తుంది. ఏ రక్తపరీక్ష ఎవరికి చేయాలన్నది కూడా జన్యు జ్ఞానం మీదే ఆధారపడి ఉందన్నమాట.

డేటాలో తక్కువగా ఉన్న జనాలను చేర్చుకోవడం వాళ్లకు చేసే దానం అనుకునేవారు పీసీఎస్‌కే9 కథ గుర్తు తెచ్చుకోవాలి. డల్లాస్ గుండె అధ్యయనంలో నల్లజాతివారిని ఎక్కువగా చేర్చుకున్నారు కాబట్టే, ఆ జన్యువు పనిచేయకపోతే చెడు కొలెస్ట్రాల్ పుట్టుకతోనే తక్కువగా ఉంటుందని 2005లో తేలింది. పదేళ్లకే, 2015లో, ఆ జన్యువు ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. ఇప్పుడవి ప్రపంచమంతా వాడుతున్నారు.

క్యాన్సర్ విభాగాల వారికి ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే ఈ తప్పు గురించి మాట్లాడేవారు తక్కువ. కణితి ముక్క మాత్రమే చదివి, రోగి రక్తం చదవకుండా, కణితిలో ఎన్ని కొత్త మార్పులున్నాయో లెక్కించే పరీక్షలున్నాయి. పుట్టుకతో వచ్చిన మార్పులను ఏరివేయడానికి అవి డేటాబేస్‌ల మీద ఆధారపడతాయి. డేటాబేస్‌లో లేని జనానికి చెందిన రోగి పుట్టుమార్పులు కణితి మార్పులుగా లెక్కలోకి వచ్చేస్తాయి. 2020 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెంబ్రోలిజుమాబ్ అనే క్యాన్సర్ మందును మెగాబేస్‌కు (పది లక్షల డీఎన్‌ఏ అక్షరాలకు) 10 లేదా అంతకన్నా ఎక్కువ మార్పులున్న కణితులకు అనుమతించింది. నిజానికి 7 ఉన్న రోగి లెక్క పుట్టుమార్పులు కలిసి 11కు చేరితే, పనిచేయని మందు కోసం పనిచేసే మందును వదులుకున్నట్టవుతుంది. విరుగుడు చాలా చిన్నది: అదే రోజు తీసిన 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం, ఈడీటీఏ ట్యూబులో. హెపారిన్ ట్యూబు వద్దు, అది డీఎన్‌ఏ ప్రతులు పెంచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది.

చాలా చిన్న చిన్న జన్యు మార్పులను కూడి ముప్పును ఒక్క అంకెగా చెప్పే బహుళ జన్యు ముప్పు స్కోర్ల గురించి పొడుగ్గా రాయం. 2019 నాటి విశ్లేషణ ప్రకారం యూరప్ డేటాతో తయారైన స్కోర్ల కచ్చితత్వం తూర్పు ఆసియావారిలో సగానికి, ఆఫ్రికన్ మూలాలవారిలో నాలుగో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. ఎవరి డేటాతో తయారైందో, ఎవరిలో పరీక్షించారో చెప్పని స్కోరును వైద్యం కోసం వాడకూడదు. అంతే.

ఇప్పుడు ల్యాబ్‌లను మేము కోరేవి.

రిపోర్టు మొదటి పేజీలో, ఫలితం కిందే, మూడు విషయాలు అచ్చు వేయండి. ఏ జన్యువులో ఏ భాగం చదివారు, ఏ భాగం చదవలేదు. ఈ మనిషి చెప్పిన వంశ నేపథ్యానికి దగ్గరైన జనంలో ఈ పరీక్ష ఎంత శాతం వాహకులను లేదా రోగులను పట్టుకుంటుంది. ఆ అంకె తెలియకపోతే "ఈ జనానికి ఆ అంకె లేదు" అని. ఫలితం రాకపోయినా మిగిలే ముప్పు ఎంత. వెనక పేజీలో చిన్న అక్షరాల్లో కాదు. డాక్టరు ఫైలు మూసే ముందు కన్ను పడే చోట.

"అర్థం తెలియని మార్పు" అని రాసే ప్రతిచోటా ఆ మార్పును ఎన్ని ప్రతుల్లో వెతికారో కూడా రాయండి. "మధ్యప్రాచ్య జనంలో 6,000 ప్రతుల్లో 0" అన్నదానికీ "డేటాబేస్‌లో లేదు" అన్నదానికీ మధ్య ఎంత దూరముందో కౌన్సెలర్‌కు తెలుస్తుంది. ఇలాంటి మార్పులు యూరపేతర రోగులకే ఎక్కువగా వస్తాయి. తర్వాత వాటిని తిరిగి వర్గీకరించినప్పుడు పదింట తొమ్మిది హానిలేనివిగానే తేలుతున్నాయి. అందుకే అలాంటి మార్పు ఒక్కటే ఆధారంగా రొమ్ముగానీ అండాశయాలుగానీ తీసేయకూడదని రిపోర్టులోనే చెప్పండి. అమ్మానాన్నల శాంపిళ్లు అదనపు రుసుము లేకుండా చదవండి. ఇద్దరిలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా వచ్చిందంటే అదొక గట్టి సాక్ష్యం. ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ల తండ్రిలో కూడా ఉందంటే అదీ సాక్ష్యమే. జనం డేటా లేని చోట కుటుంబమే డేటా.

ఏడాదికోసారి పాత రిపోర్టులను కొత్త డేటాబేస్‌తో పోల్చి చూడండి. వర్గం మారితే రోగికి తెలియజేసే బాధ్యత ల్యాబ్‌దా, డాక్టరుదా అని మొదటి రోజే రాతపూర్వకంగా తేల్చుకోండి. తేల్చుకోకపోతే ఎవరూ చెప్పరు. వర్గీకరణలను, వాటి ఆధారాలతో సహా, అందరూ చూడగలిగే క్లిన్‌వార్ డేటాబేస్‌లో పెట్టండి. తక్కువ డేటా ఉన్న జనం మార్పుల గురించి ఒక ల్యాబ్ పది కేసులను గుట్టుగా దాచుకుంటే, ఇంకో ల్యాబ్‌కు తన దగ్గరున్న ఒక్క కేసే కనిపిస్తుంది.

ప్రైమర్లను మళ్లీ చూసుకోండి. ప్రైమర్ అతుక్కునే చోట ఒక జనంలో సాధారణమైన మార్పు ఉంటే, ఆ ప్రతి పెరగదు. రెండో ప్రతి మాత్రమే కనిపిస్తుంది. వాహకుడు రోగిలా, లేదా రోగి ఆరోగ్యవంతుడిలా తేలవచ్చు. యూరప్ శాంపిళ్లతో వాలిడేట్ చేసిన కిట్‌లో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. కాబట్టి ప్రతి ప్రైమర్ కింద 1 శాతం దాటిన మార్పులు ఏ జనంలోనైనా ఉన్నాయేమో చూడండి. వాలిడేషన్ శాంపిళ్లలో కనీసం నాలుగైదు వేర్వేరు మూలాలవారు ఉండాలి.

దరఖాస్తు ఫారంలో "జాతి" అనే గడి తీసేయండి. అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు తాతయ్యలు ఎక్కడ పుట్టారు, ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు అని అడగండి. జవాబివ్వడం ఇష్టముంటేనే అని, ఎందుకు అడుగుతున్నారో ఒక వాక్యంలో రాయండి. ఆ జవాబును ఫలితం అర్థం చేసుకోవడానికి వాడండి. ఏ పరీక్ష చేయాలో నిర్ణయించడానికి మాత్రం వాడవద్దు. మనుషులు తమ గురించి చెప్పుకునే పేరుకూ జన్యువులకూ పొంతన అరకొరే. వాహక పరీక్షకు జాతితో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే విశాలమైన జాబితా ఇవ్వాలని అమెరికా వైద్య జన్యుశాస్త్ర కాలేజీ 2021లో చెప్పింది, 113 జన్యువులతో. ఆ దారే మేలు.

గుర్తింపునిచ్చే సంస్థలు చేయాల్సింది ఒక్కటే. పైవాటిని తనిఖీ జాబితాలో చేర్చండి. తనిఖీలో అడగని ప్రశ్నకు ల్యాబ్ జవాబు సిద్ధం చేసుకోదు.

నిధులిచ్చేవారికి. శాంపిళ్లు పోగుచేయడానికి డబ్బిచ్చి అక్కడితో చేతులు దులుపుకోకండి. ఒక జనంలో ఏ మార్పు ఎంత శాతం ఉందో ఉపయోగపడేలా తెలియాలంటే దగ్గరి బంధువులు కాని కనీసం 1,000 మంది కావాలి. లోపలే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో వరసగా ఇళ్లకు వెళ్లి రక్తం తీస్తే వచ్చేది చుట్టాల గుంపే. వెయ్యి మందిని తీసి, రెండో తరగతి బంధువుల దాకా ఏరివేస్తే ఆరేడు వందలే మిగలవచ్చు. ముందే 1,500 మందికి బడ్జెట్ వేయండి. జీనోమ్‌తోపాటు మనిషి ఆరోగ్య వివరాలు లేకపోతే ఆ శాంపిల్ సగమే. ఎత్తు, బరువు, రక్తపోటు, చక్కెర, వాడుతున్న మందులు, కుటుంబ జబ్బులు, ఐదేళ్ల తర్వాత మళ్లీ ఒకసారి. ఈ "మళ్లీ ఒకసారి"కి డబ్బు పెట్టేవారే దొరకరు. ముప్పై రెట్లు లోతుగా చదివిన ఒక్కో జీనోమ్‌కు దాదాపు వంద గిగాబైట్ల ముడి డేటా వస్తుంది. దాన్ని శాంపిళ్లు ఇచ్చిన జనం ఉన్న చోటే నిల్వచేసి, అక్కడివారే విశ్లేషించేలా సర్వర్లకూ జీతాలకూ ఇవ్వండి. విమానంలో వచ్చి ట్యూబులు పట్టుకుపోయే పరిశోధనకు కాలం చెల్లింది.

నమ్మకం గురించి. అమెరికాలోని హవసుపాయ్ అనే ఆదివాసీ తెగవారు 1990లో మొదలైన అధ్యయనానికి మధుమేహం కోసమని రక్తమిచ్చారు. ఆ రక్తాన్ని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో స్కిజోఫ్రీనియా, వలసల చరిత్ర, దగ్గరి పెళ్లిళ్ల మీద పరిశోధనకూ వాడారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, రక్తం తిరిగి ఇచ్చేసి రాజీ పడింది. "ఆ జనం ముందుకు రావడం లేదు" అని వాపోయే ప్రాజెక్టులు తమ సమ్మతి పత్రాన్ని ముందు తామే చదువుకోవాలి. ఈ అధ్యయనానికి ఒప్పుకోవడం వేరు, దగ్గరి జబ్బుల అధ్యయనానికి వేరు, ఇతర దేశాలకూ కంపెనీలకూ ఇవ్వడం వేరు. మూడింటికీ మూడు విడి సంతకాలు పెట్టించండి. చదివి వినిపించాక, "మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే తప్పు మీ పత్రానిది. చిన్న సమూహంలో పేరు తీసేసినంత మాత్రాన మనిషి కనబడకుండా పోడు. ఇరవై శాంపిళ్లు తీసిన పల్లె పేరు ప్రచురిస్తే, ఆ అరుదైన జబ్బు ఎవరిదో పొరుగువాళ్లకు తెలిసిపోతుంది. దక్షిణాఫ్రికా సాన్ ప్రజలు 2017లో తామే పరిశోధకులకు నియమావళి రాసి ఇచ్చారు. అందులో ఒక కోరిక, ఏదైనా ప్రచురించే ముందు తమకు చూపించమని. అది అందరికీ వర్తింపజేయవచ్చు.

ఫలితాలు తిరిగి చెప్పడానికి ఎవరూ లేని చోట శాంపిలు తీయకండి. మందు డోసును మార్చే ఎన్‌యూడీటీ15 మార్పు కనబడి, ఆ మనిషికి చెప్పడానికి కౌన్సెలర్ లేకపోతే, ఆ సమాచారం హార్డ్ డిస్క్‌లో పడి ఉంటుంది. ఆయన మాత్రం ఇంకోచోట మామూలు డోసు వేయించుకుంటాడు.

రిపోర్టు మొదటి పేజీలో చేర్చడానికి పనికొచ్చే వాక్యం ఒకటి మేమే రాసి ఇస్తున్నాం. మార్చుకుని వాడుకోండి, అనుమతి అక్కర్లేదు:

"ఈ పరీక్షలో వెతికిన మార్పులేవీ మీలో కనబడలేదు. మీరు చెప్పిన వంశ నేపథ్యం ఉన్నవారిలో ఈ పరీక్ష, ఉన్న మార్పుల్లో ___ శాతాన్ని పట్టుకుంటుంది. ఈ నేపథ్యంవారి డేటా మా వద్ద ___ మందిది ఉంది. పరీక్ష తర్వాత మీకు మిగిలిన అవకాశం ___ లో ఒకటి. లక్షణాలుంటే ఈ ఫలితం జబ్బు లేదని తేల్చదు."

ఆ ఖాళీల్లో అంకె రాయలేని ల్యాబ్‌లు "తెలియదు" అని రాయవచ్చు.

ఇట్లు,
జన్యు సలహాదారులు, ల్యాబ్ శాస్త్రవేత్తలు, జన్యు గణాంక నిపుణులు